పట్టాలు లేచిపోయినా బాట బతకాలి!

* రైలు కట్టలపై నడక, సైకిల్ విహారానికి ప్రపంచమంతటా ఆదరణ
* అరవై నాలుగేళ్లు పట్టాలు లేకుండా గడిపిన కోటిపల్లి మార్గం
* రైలు ఎరుగని కాట్రేనికోనకు కాలువగట్లే విహార బాటలు

కాట్రేనికోన: రైలు కూత వినాలంటే కాట్రేనికోన వాసి గోదావరి దాటి వెళ్లవలసిందే. డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో సముద్రపు అంచున ఉన్న ఈ మండలానికి రైలు మార్గం లేదు. జిల్లా కేంద్రమైన అమలాపురానికీ ఇంకా రైలు రాలేదు. అయితే గౌతమికి ఆవలి ఒడ్డున ఉన్న కోటిపల్లికి ఒకప్పుడు రైలు వచ్చింది, పోయింది, ఆరు దశాబ్దాల తర్వాత మళ్లీ వచ్చింది. పట్టాలు పోయిన రైలు దారులను నడకకు, సైకిల్ ప్రయాణానికి అనువైన విహార బాటలుగా మార్చుకోవడం అనేక దేశాలలో సాధారణమైపోయిన ఈ కాలంలో కోటిపల్లి మార్గం చరిత్ర కోనసీమ వాసులకు ఎన్నో విషయాలు చెబుతుంది. రైలు కోసం ఎదురుచూస్తున్న ప్రాంతంలో రైలు బాట గురించి మాట్లాడుకోవడం వింతగా తోచవచ్చు. కానీ ఈ రెండింటికీ విరోధం లేదని, ఒకటి మరొకదానికి రక్షణగా నిలిచిన సందర్భాలు ఉన్నాయని ఇతర దేశాల అనుభవం తెలుపుతోంది.

రైలు బాట అంటే...

రైళ్లు నిలిచిపోయిన మార్గంలో పట్టాలు, స్లీపర్లు తొలగించి, మిగిలిన కట్టను చదును చేసి, సన్న కంకర గాని తారు గాని పరచి పాదచారులకు, సైకిల్ ప్రయాణికులకు అప్పగిస్తే అది రైలు బాట అవుతుంది. మోటారు వాహనాలకు అక్కడ ప్రవేశం ఉండదు. పాత వంతెనలు, సొరంగాలు, స్టేషన్ భవనాలు దారి పొడవునా అలాగే ఉంటాయి. స్టేషన్లు విశ్రాంతి మందిరాలుగా, ఫలహారశాలలుగా మారతాయి.

ఈ బాటలు అందరికీ అనువుగా ఉండటానికి కారణం రైలు స్వభావంలోనే ఉంది. రైలింజను నిటారు ఎత్తులు ఎక్కలేదు, ఒక్కసారిగా మలుపు తిరగలేదు. అందువల్ల మార్గం వేసేటప్పుడే ఇంజనీర్లు పల్లాన్ని కట్టతో పూడ్చి, మిట్టను కోసి, దారిని సమతలంగా తీసుకువెళతారు. ఘాట్ మార్గాలను మినహాయిస్తే వంద అడుగుల దూరానికి ఒకటి రెండు అడుగులకు మించి ఎత్తు పెరగదు. బండరాళ్లు ఎక్కే సాహసికుడు కాకపోయినా, డెబ్బై ఏళ్ల వృద్ధుడైనా, సైకిల్ కొత్తగా నేర్చిన బాలికైనా ఆయాసపడకుండా సాగిపోగల దారి అది. కట్ట ఎత్తుగా ఉండటం వల్ల ఇరువైపులా పొలాలు, చెరువులు, ఊళ్లు కంటికి నిండుగా కనిపిస్తాయి. రైలు కిటికీలోంచి క్షణంలో జారిపోయే దృశ్యాన్ని నిలబడి చూసే వీలు కలుగుతుంది.

కోటిపల్లి మార్గం కథ

కాకినాడ నుంచి కరప, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి వరకు ఉన్న రైలు మార్గం పొడవు సుమారు 45 కిలోమీటర్లు. బ్రిటిష్ పాలనలో 1928లో ఇది ప్రారంభమైంది. తూర్పు డెల్టా వరి పొలాల నడుమ సాగి, గౌతమి ఒడ్డున ఆగిపోయే ఈ మార్గం కోనసీమ వాసులకు బయటి ప్రపంచపు వాకిలి వంటిది. ముక్తేశ్వరం రేవు నుంచి గోదావరి దాటితే ఆవల కోటిపల్లి.

ఆ వాకిలి పన్నెండేళ్లకే మూతపడింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇనుము అవసరం పెరగడంతో 1940లో ఈ మార్గంలోని పట్టాలను ఊడబెరికి తరలించారు. రాబడి లేదనో, ప్రయాణికులు లేరనో కాక, యుద్ధం కోసం ఒక మార్గం అంతరించడం గమనార్హం. యుద్ధం ముగిసింది, దేశానికి స్వాతంత్య్రం వచ్చింది, రాష్ట్రాలు మారాయి. పట్టాలు మాత్రం తిరిగి రాలేదు.

కోనసీమకు రైలు కావాలన్న కోరికకు 1990వ దశకం చివర బలం చేకూరింది. అమలాపురం లోక్‌సభ సభ్యుడు జి.ఎం.సి.బాలయోగి 1998 మార్చిలో లోక్‌సభ స్పీకర్ అయ్యారు. కాకినాడ-కోటిపల్లి మార్గం పునరుద్ధరణకు, దానిని గోదావరి పాయల మీదుగా నర్సాపురం వరకు పొడిగించడానికి ఆయన గట్టిగా కృషి చేశారు. 2002 మార్చి 3న కైకలూరు సమీపంలో జరిగిన హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన కన్నుమూశారు. పునరుద్ధరించిన మార్గంలో రైలు నడవడాన్ని ఆయన చూడలేకపోయారు. 2004లో కోటిపల్లికి మళ్లీ రైలు వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ మార్గంలో నడిచిన ఒంటిపెట్టె రైలుబస్సు పొలాల మధ్య ప్రయాణాన్ని ఇష్టపడే వారిని ఎంతగానో ఆకట్టుకుంది.

1940 నుంచి 2004 వరకు అరవై నాలుగేళ్లు. ఒక తరం రైలును చూసి పోగొట్టుకుంది, రెండో తరం పెద్దల నోట విన్నది, మూడో తరం మళ్లీ ఎక్కింది.

పాతికేళ్ల నిరీక్షణ

కోటిపల్లి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నర్సాపురం వరకు 57 కిలోమీటర్ల కొత్త మార్గం 2000-01 రైల్వే బడ్జెట్‌లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలపై మూడు పెద్ద వంతెనలు ఈ పథకానికి ప్రాణం. నిధుల కొరత, రాష్ట్ర వాటా చెల్లింపులో జాప్యం, భూసేకరణ చిక్కులు పనులను ఏళ్ల తరబడి వెనక్కి నెట్టాయి. గౌతమిలో స్తంభాలు లేచినా కోనసీమ నడిగడ్డపై రైలు మాత్రం ఇంకా పరుగెత్తలేదు. అందుచేత ఇక్కడ ఏ రైలు కట్టనైనా విహార బాటగా మార్చాలన్న మాట రైలుకు బదులుగా రాకూడదు. రైలు వచ్చేవరకు భూమిని కాపాడే ఉపాయంగా మాత్రమే రావాలి.

నల్లమలలో మిగిలిన గుర్తులు

తెలుగునాట వాడుక తప్పిన రైలు దారులలో అత్యంత సుందరమైనది నల్లమల అడవిలో ఉంది. నంద్యాల-గిద్దలూరు మధ్య మీటరు గేజి మార్గాన్ని బ్రాడ్‌గేజిగా మార్చినప్పుడు గాజులపల్లె, దిగువమెట్ట నడుమ దారిని మళ్లించారు. దానితో పంతొమ్మిదో శతాబ్దపు చివరలో లోయపై కట్టిన దొరబావి వంతెన ఉన్న పాత దారి అడవికి మిగిలిపోయింది. పులులు తిరిగే అరణ్యం కావడంతో అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ అడుగు పెట్టరాదు.

ఉత్తరాంధ్రలో పర్లాకిమిడి రాజావారు వేయించిన నౌపడా చిన్న రైలు మార్గానిది మరో కథ. 1900లో పర్లాకిమిడి వరకు మొదలై, తర్వాత గుణుపురం వరకు సాగిన ఈ నేరోగేజి మార్గం 2004లో మూతపడింది. బ్రాడ్‌గేజిగా మారి 2011లో మళ్లీ తెరుచుకుంది. కర్ణాటకలోని సక్లేశ్‌పుర-సుబ్రహ్మణ్య ఘాట్ మార్గం 1996లో గేజి మార్పు కోసం మూతపడినప్పుడు వంతెనలు, సొరంగాల మీదుగా నడిచే యాత్రికులతో దేశమంతటా పేరు పొందింది. 2006లో గూడ్సు రైళ్లు, ఆ తర్వాత ప్రయాణికుల రైళ్లు తిరిగి రావడంతో అక్కడ నడకను నిషేధించారు.

ఈ ఉదాహరణలన్నింటిలో ఒక సామ్యం ఉంది. మన దేశంలో మూతపడిన మార్గం చాలాచోట్ల కొంతకాలానికి మళ్లీ రైలుదే అవుతోంది. జనాభా, రద్దీ పెరుగుతున్న దేశంలో ఇది సహజమే.

విదేశాలలో విస్తరించిన తీరు

అమెరికాలో మోటారు కార్లు, లారీలు పెరిగిన కొద్దీ వేలాది కిలోమీటర్ల రైలు మార్గాలు మూతపడ్డాయి. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఎల్‌రాయ్-స్పార్టా మార్గాన్ని 1960వ దశకంలో బాటగా మార్చారు. సుమారు 51 కిలోమీటర్ల ఈ దారిలో మూడు సొరంగాలున్నాయి. వాటిలో పెద్దది కిలోమీటరుకు పైనే ఉంటుంది. సైకిల్ దిగి, చేతిదీపంతో నడిచి దాటవలసిన ఆ చీకటి దారి పర్యాటకులకు పెద్ద ఆకర్షణ. మిస్సోరీలోని కేటీ బాట సుమారు 386 కిలోమీటర్ల పొడవుతో దేశంలోని అతి పొడవైన రైలు బాటలలో ఒకటిగా నిలిచింది. న్యూయార్క్ నగరంలో వీధుల పైన స్తంభాలపై నడిచిన పాత గూడ్సు మార్గం 2009 నుంచి హైలైన్ ఉద్యానంగా మారింది.

తెలుగువారికి దగ్గరైన ఉదాహరణ వర్జీనియాలో ఉంది. వాషింగ్టన్ నగర శివార్లలోని డబ్ల్యూ అండ్ ఓడీ మార్గంలో 1968లో రైళ్లు నిలిచిపోయాయి. దాని కట్టపై సుమారు 72 కిలోమీటర్ల బాట వెలసింది. తెలుగు కుటుంబాలు అధికంగా స్థిరపడిన ఆష్‌బర్న్, హెర్న్‌డన్ పట్టణాల గుండా ఇది సాగుతుంది. కోనసీమ నుంచి పిల్లల వద్దకు వెళ్లే తల్లిదండ్రులకు ఆ ప్రాంతంలో ఉదయపు నడకకు ఇంతకంటే నిరపాయమైన దారి దొరకదు.

ఇంగ్లండ్‌లో బ్రిస్టల్, బాత్ నగరాల మధ్య 21 కిలోమీటర్ల బాటను 1979-86 మధ్య నిర్మించారు. స్పెయిన్‌లో 1993 నుంచి పాత రైలు దారులను ‘పచ్చని బాటలు’ అనే అర్థం వచ్చే పేరుతో తీర్చిదిద్దుతున్నారు. న్యూజిలాండ్‌లోని ఒటాగో బాట కోనసీమ వంటి గ్రామీణ ప్రాంతాలకు పాఠం వంటిది. 1990లో రైలు ఆగిపోయి, ఊళ్లు వెలవెలబోయిన చోట 2000లో సుమారు 150 కిలోమీటర్ల సైకిల్ బాట ప్రారంభమైంది. బాట వెంబడి బసలు, తినుబండారాల దుకాణాలు, సైకిళ్ల అద్దె కేంద్రాలు వెలసి పల్లెలకు కొత్త జీవనాధారం లభించింది.

దారిని దాచుకునే చట్టం

రైలు మార్గం ఒకసారి ముక్కలైతే మళ్లీ కలపడం దుస్సాధ్యం. ఒకచోట ఇల్లు లేస్తుంది, మరోచోట చేను కలిసిపోతుంది. వంద కిలోమీటర్ల దారిలో వంద గజాలు పోయినా రైలు నడవదు. ఈ సంగతి గ్రహించిన అమెరికా ప్రభుత్వం 1983లో తమ జాతీయ బాటల చట్టాన్ని సవరించింది. రైళ్లు నిలిచిన మార్గాన్ని భవిష్యత్తులో మళ్లీ రైలుకు ఇవ్వాలన్న షరతుతో అంతవరకు నడక బాటగా వాడుకోవచ్చు. ఒక విధంగా ఇది దారిని బ్యాంకులో దాచుకోవడమే. కొన్నిచోట్ల ఆ దారులపై మళ్లీ రైళ్లు నడిచాయి కూడా.

దీనిపై వివాదాలు లేకపోలేదు. రైలు కోసం మాత్రమే తమ పూర్వీకులు భూమిని వదిలారని, రైలు పోయాక అది తమకే చెందాలని అక్కడి భూయజమానులు న్యాయస్థానాలకు వెళ్లారు. 1990లో అమెరికా సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుందని తీర్పు చెబుతూనే, నష్టపోయినవారు పరిహారం కోరవచ్చని తెలిపింది. సెంటు భూమి కూడా విలువైన కోనసీమలో ఈ తీర్పులోని రెండు భాగాలూ గుర్తుంచుకోదగినవే.

కాలువగట్టే రైలు కట్ట

రైలు లేని కాట్రేనికోనకు రైలు బాట ఎక్కడిది? దీనికి సమాధానం ఊరి పక్కనే ప్రవహిస్తోంది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట నిర్మించిన తర్వాత డెల్టా అంతటా తవ్విన కాలువలు సాగునీటికే కాక రవాణాకు కూడా ఉద్దేశించినవి. లాకుల వద్ద నీటిమట్టం మార్చి పడవలను ఎక్కించేవారు, దింపేవారు. గాలి లేనప్పుడు పడవవాళ్లు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. బస్సులు, లారీలు రాకముందు కోనసీమ కొబ్బరి, ధాన్యం ఈ కాలువల మీదనే ఊళ్లు దాటాయి.

కాలువగట్టుకు, రైలు కట్టకు పోలిక చాలా దగ్గరది. నీరు పల్లానికి మెల్లగా జారాలి కాబట్టి కాలువ వాలు అతి స్వల్పం. గట్టు చదునుగా, నీటి వెంబడి సాగుతుంది. అమెరికాలోని చెసాపీక్-ఒహాయో కాలువగట్టు ఇందుకు నిదర్శనం. ఒకప్పుడు కంచర గాడిదలు పడవలు లాగిన ఆ 297 కిలోమీటర్ల గట్టును 1971లో జాతీయ చారిత్రక ఉద్యానంగా ప్రకటించారు. కంబర్లండ్ పట్టణం వద్ద అది 241 కిలోమీటర్ల మరో రైలు బాటతో కలుస్తుంది. దానితో పిట్స్‌బర్గ్ నుంచి వాషింగ్టన్ వరకు సగం రైలు కట్టపై, సగం కాలువగట్టుపై సైకిల్ మీద వెళ్లే దారి ఏర్పడింది. మన వద్ద ఆ రెండో సగం సిద్ధంగానే ఉంది.

మండలంలో చూడదగిన దారులు

కాట్రేనికోన మండలం మధ్య డెల్టా చివరి ఆయకట్టు. ఇక్కడికి వచ్చేసరికి కాలువలు సన్నబడి, వరి చేలు, కొబ్బరి తోటలు దాటి రొయ్యల చెరువులు, ఉప్పుటేళ్లు, మడ అడవులలో కలిసిపోతాయి. చెయ్యేరు, పల్లంకుర్రు పరిసరాలలో కాలువ వెంట నడిస్తే కొబ్బరి నీడ వదలదు. వృద్ధ గౌతమి ఒడ్డున కుండలేశ్వరం శైవక్షేత్రం ఉంది. ఏటిగట్టు ఎక్కితే ఒకవైపు నది, మరోవైపు గట్టు కంటే దిగువన ఊళ్లు, తోటలు కనిపిస్తాయి. గోదావరి వరద కోనసీమకు ఎంత సమీపంలో ఉంటుందో, ఆ మట్టిగట్టు ఎందరి ప్రాణాలకు అండగా ఉందో ఆ చోట నిలబడితే అర్థమవుతుంది. 1986 ఆగస్టు వరదను చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనవసరం లేదు.

కందికుప్ప వైపు మడ అడవులు, బలుసుతిప్ప వద్ద మత్స్యకారుల పడవలు, చిర్రయానం వద్ద సముద్రతీరం మండలానికి ప్రత్యేక శోభ. సముద్రపు ఇసుక తిన్నెలపై శీతకాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రివేళ దీపాలతో, వాహనాలతో తీరంలో తిరగడం వాటికి చేటు. 1996 నవంబరు 6 నాటి పెను తుపాను ఈ తీరాన్ని, కోనసీమ కొబ్బరిని కకావికలు చేసింది. నేడు నీడనిచ్చే చెట్లలో ఎన్నో ఆ తర్వాత నాటినవే.

రైలును కూడా కలుపుకోదలచినవారు అమలాపురం మీదుగా ముక్తేశ్వరం చేరి, పంటు మీద సైకిల్‌తో సహా గోదావరి దాటి కోటిపల్లి వెళ్లవచ్చు. ఛాయా సోమేశ్వరస్వామి ఆలయం, అక్కడి నుంచి పంచారామాలలో ఒకటైన ద్రాక్షారామం భీమేశ్వరాలయం చూసుకుని, యానాం-ఎదుర్లంక బాలయోగి వారధి మీదుగా ముమ్మిడివరం చేరి కాట్రేనికోనకు తిరిగి రావచ్చు. జాతీయ రహదారిపై లారీల రద్దీ ఎక్కువ కనుక ఈ భాగంలో పిల్లలను సైకిళ్లపై పంపరాదు.

నడిచే రైలు దారిపై నడవరాదు

రైలు బాట వేరు, రైళ్లు తిరిగే మార్గం వేరు. పట్టాలు ఉన్న మార్గంలో, రైలు రోజుకొక్కటే నడిచినా, నడవడం నేరం. రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రైల్వే స్థలంలో ప్రవేశించినవారికి ఆరు నెలల వరకు జైలు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. వంతెనలపై ఫొటోల కోసం నిలబడటం ప్రాణాంతకం. నిర్మాణంలో ఉన్న వంతెనలు, స్తంభాల వద్దకు కూడా వెళ్లరాదు.

బాట కావాలంటే...

కాలువగట్టును బాటగా తీర్చడానికి పెద్ద కట్టడాలు అవసరం లేదు. గండ్లు, గుంతలు పూడ్చి గ్రావెల్ పరచడం, ట్రాక్టర్లు ఎక్కకుండా రెండు చివరలా అడ్డుస్తంభాలు నాటడం, తూముల వద్ద పిట్టగోడ కట్టడం, నీడకు చెట్లు పెంచడం, ఊరి పేర్లు, దూరాలు తెలిపే రాళ్లు పాతడం ప్రధానం. అయితే గట్టు మొదట నీటిపారుదల శాఖది, రైతుది. పూడికతీత యంత్రం వెళ్లడానికి, పంట మోపులు దించడానికి దారి ఉండాలి. గట్టునే ఆధారం చేసుకుని గుడిసెలలో నివసిస్తున్న పేదలకు ప్రత్యామ్నాయం చూపకుండా ఏ సుందరీకరణా న్యాయం కాదు. ఏటిగట్లపై తారు వేసేముందు గట్టు బలానికి హాని లేదని ఇంజనీర్లు నిర్ధారించాలి. విహారం కోసం వరదగట్టు బలహీనపడితే మూల్యం చెల్లించేది ఊరే.

ఈ షరతులకు లోబడి తీర్చిదిద్దిన బాట పర్యాటకులకంటే ముందు స్థానికులకే ఉపయోగపడుతుంది. సైకిల్‌పై బడికి వెళ్లే బాలికకు, ఉదయం నడవమని వైద్యుడు చెప్పిన మధుమేహ రోగికి, లారీల నడుమ రోడ్డు పక్కన నడిచే కూలీకి అది నిత్యావసరం. రేపు కోనసీమ రైలు పట్టాలెక్కినా, స్టేషన్ నుంచి ఊరికి చేర్చే దారిగా దాని అవసరం తగ్గదు.

విహారులకు సూచనలు

* నవంబరు చివర నుంచి ఫిబ్రవరి వరకు అనుకూల కాలం. తుపాను హెచ్చరికలు ఉన్నప్పుడు తీరం వైపు వెళ్లరాదు.
* జులై నుంచి సెప్టెంబరు వరకు వరద హెచ్చరికలు ఉంటే ఏటిగట్లపై విహారం మానుకోవాలి.
* వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు నీటి శోభ ఉండదు. ఉదయం ఎనిమిది గంటలలోపే నడక ముగించడం మేలు.
* సైకిల్‌కు గాలిపంపు, పంక్చరు సామగ్రి, గంట, వెనుక ఎర్రదీపం తప్పనిసరి. గట్టుపై బురద ఉంటే దిగి నడిపించాలి.
* గడ్డి పెరిగిన చోట పాముల భయం ఉంటుంది. బూట్లు వేసుకోవాలి. చీకటి పడకముందే తిరిగి రావాలి.
* ఈత రానివారు లాకులు, తూముల వద్ద నీటిలో దిగరాదు.
* మడ అడవులలోకి అటవీ సిబ్బంది అనుమతితో, స్థానిక పడవవారి తోడుతో వెళ్లాలి.
* ప్లాస్టిక్ సీసాలకు బదులు దారిలో కొబ్బరి బొండాలు కొనుక్కుంటే దాహం తీరుతుంది, రైతుకు రాబడి, కాలువకు శుభ్రత.

కోటిపల్లి మార్గం - ముఖ్య ఘట్టాలు

1928: కాకినాడ-కోటిపల్లి మార్గం ప్రారంభం
1940: యుద్ధ అవసరాలకు పట్టాల తొలగింపు
2000-01: కోటిపల్లి-నర్సాపురం కొత్త మార్గం మంజూరు
2002: స్పీకర్ బాలయోగి దుర్మరణం
2004: కోటిపల్లికి మళ్లీ రైలు
2022: కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పాటు